ప్రాసెస్ నడుస్తూనే ఉంది, డేటా ఆగింది: గుంటూరు కోల్డ్ స్టోరేజీలో లిజనర్ స్క్రిప్ట్ కేస్ స్టడీ

గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఎనిమిది ఛాంబర్లు, ఛాంబర్‌కి మూడు చొప్పున 24 టెంపరేచర్ లాగర్లు (ఉష్ణోగ్రత కొలిచి పంపే చిన్న పరికరాలు). ఒక్కో లాగర్ నిమిషానికోసారి తన రీడింగ్‌ని టీసీపీ (నెట్‌వర్క్‌లో రెండు యంత్రాల మధ్య డేటా చేరవేసే పద్ధతి) కనెక్షన్ మీద ఆఫీసు గదిలోని పాత డెస్క్‌టాప్‌కి పంపుతుంది. అందులో డెబియన్ లినక్స్ ఉంది. దానిమీద ఒక పైథాన్ స్క్రిప్ట్ 7011 పోర్టులో (కనెక్షన్లు వచ్చే గుమ్మం నంబరు) లిజన్ చేస్తూ, అంటే వచ్చే కనెక్షన్ల కోసం కాచుకుని ఉండి, వచ్చిన ప్రతి లైనునీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో రాస్తుంది. స్క్రిప్ట్ మొత్తం రెండు వందల లైన్లు కూడా ఉండదు. రైతులు, వ్యాపారులు దాచుకున్న మిర్చి టిక్కీలకి (బస్తాలకి) ఛాంబర్ వేడెక్కితే పూచీ యాజమాన్యానిదే. అందుకే ఈ చిన్న స్క్రిప్ట్ రాత్రీ పగలూ ఆగకుండా నడవాలి.

ఫిర్యాదు ఇలా వచ్చింది. వేసవిలో వారం పది రోజులకోసారి స్క్రీన్ మీద 24 రీడింగులూ ఒకేసారి నిలిచిపోతున్నాయి. "లాగర్ల లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయండీ, టైమ్ మాత్రం రాత్రి రెండు దగ్గరే ఆగిపోయింది" అని సూపర్‌వైజర్ మాట. పీసీ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అన్నీ మామూలే. వర్షాకాలం వచ్చాక సమస్య తగ్గింది, మళ్లీ మార్చిలో మొదలైంది. లాగర్లు నాసిరకమని ఒకరు, నెట్‌వర్క్ స్విచ్ వేడెక్కుతోందని ఇంకొకరు అనుకున్నారు. ఒక ఛాంబర్‌కి కేబుల్ కూడా మార్పించారు.

మొదట స్క్రిప్ట్‌ని ఎలా నడుపుతున్నారో చూడాలి. మొదట్లో, బూట్ సమయంలో నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైల్లో నోహప్ పెట్టి, చివర యాంపర్సాండ్ (బ్యాక్‌గ్రౌండ్‌లో నడపమనే & గుర్తు) తగిలించి, రూట్ యూజర్‌గా వదిలేశారు. లాగవుట్ అయినా ప్రాసెస్ చావదు, బూట్ అయ్యాక దానంతట అదే మొదలవుతుంది. నోహప్ చేసేది అంతే: టెర్మినల్ మూసినప్పుడు వచ్చే హ్యాంగప్ సిగ్నల్‌ని పట్టించుకోకుండా చేయడం. స్క్రిప్ట్ ఏదో ఎక్సెప్షన్‌తో కూలితే లేపే నాథుడు ఉండడు. ప్రింట్ చేసినవన్నీ ఒకే ఫైల్లోకి పోతూ పెరుగుతాయి. ఎవరైనా అనుమానంతో రెండోసారి నడిపితే 'అడ్రెస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అనే 98వ నంబరు ఎర్రర్‌తో రెండోది పడిపోతుంది. కాబట్టి దీన్ని సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులని నడిపి, కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్) కిందికి తేవాలన్నది మొదటి సలహా. ఎవరైనా అదే చెబుతారు. స్టోరేజీకి అంతకుముందు వచ్చిన కంప్యూటర్ కుర్రాడూ అదే చెప్పి, రీస్టార్ట్=ఆల్వేస్ అని ఒక యూనిట్ ఫైల్ (సిస్టమ్‌డికి ఇచ్చే సెట్టింగుల ఫైల్) పెట్టి వెళ్లాడు. అయినా పది రోజులకి మళ్లీ ఆగింది.

ఆగిన స్థితిలో ఉండగానే పట్టుకుంటే తప్ప ఇలాంటివి తేలవు. 'ఆగితే రీబూట్ చేయకండి, ఫోన్ చేయండి' అని చెప్పి ఉంచడం వల్ల తర్వాతిసారి ఆధారాలు చేతికి చిక్కాయి.

సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూస్తే ఆకుపచ్చ అక్షరాల్లో 'యాక్టివ్ (రన్నింగ్)'. టాప్‌లో చూస్తే పైథాన్ ఒక కోర్‌ని పూర్తిగా, నూటికి నూరు శాతం తింటోంది. నిమిషానికి 24 లైన్లు రాసే స్క్రిప్ట్‌కి అంత పని లేదు. తర్వాత ఎస్ఎస్ కమాండ్‌తో లిజనింగ్ సాకెట్లు (సాకెట్ అంటే కనెక్షన్‌కి ప్రోగ్రామ్ వైపు కొస) చూస్తే అసలు గుట్టు బయటపడింది. 7011 పోర్టు వరసలో రిసీవ్ క్యూ 24, సెండ్ క్యూ 128. లిజన్ చేసే సాకెట్‌కి ఈ రెండు అంకెల అర్థం వేరు. మొదటిది, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) హ్యాండ్‌షేక్ (కనెక్షన్ కుదుర్చుకునే తొలి పలకరింపు) పూర్తి చేసి పెట్టినా ప్రోగ్రామ్ ఇంకా యాక్సెప్ట్ చేయని, అంటే చేతిలోకి తీసుకోని, కనెక్షన్ల సంఖ్య. రెండోది, ఆ వరసలో ఎన్నింటికి చోటుందో చెప్పే బ్యాక్‌లాగ్. ఆరోగ్యంగా ఉన్న లిజనర్‌కి మొదటి అంకె ఎప్పుడూ సున్నా దగ్గరే ఉండాలి. ఇక్కడ 24 లాగర్లూ గుమ్మం బయటే ఉన్నాయి.

పచ్చలైట్ల సంగతి ఇక్కడే తేలిపోతుంది. టీసీపీలో కనెక్షన్ ఒప్పుకునేది కెర్నల్, ప్రోగ్రామ్ కాదు. బ్యాక్‌లాగ్‌లో చోటున్నంతసేపు, స్క్రిప్ట్ నిద్రపోతున్నా మొరాయించినా, కెర్నల్ హ్యాండ్‌షేక్ పూర్తి చేసేస్తుంది. లాగర్‌కి 'కనెక్ట్ అయింది' అని తెలుస్తుంది, లైటు పచ్చగా వెలుగుతుంది, రీడింగ్ పంపుతుంది. ఆ బైట్లు సర్వర్‌లోని రిసీవ్ బఫర్‌లో కూర్చుంటాయి. కెర్నల్ వాటికి అక్నాలెడ్జ్‌మెంట్ కూడా పంపుతుంది. చదివేవాడే ఉండడు. పోర్టు తెరిచి ఉందా లేదా అని మాత్రమే చూసే మానిటరింగ్ కూడా ఇక్కడ మోసపోతుంది. బయటి నుంచి టెల్‌నెట్ కొట్టినా కనెక్ట్ అవుతుంది మరి.

ఇక స్క్రిప్ట్ ఎందుకు యాక్సెప్ట్ చేయడం లేదు? /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు డైరెక్టరీలో ఎఫ్‌డీ అనే ఫోల్డర్ ఉంటుంది. ప్రాసెస్ తెరిచి ఉంచిన ప్రతి ఫైలూ, ప్రతి సాకెట్టూ అందులో ఒక ఎంట్రీ. లెక్కపెడితే 1024. లినక్స్‌లో ఒక ప్రాసెస్‌కి ఫైల్ డిస్క్రిప్టర్ల (ఈ ఎంట్రీల) సాఫ్ట్ లిమిట్ మామూలుగా అంతే. అది నిండాక యాక్సెప్ట్ పిలిస్తే 24వ నంబరు ఎర్రర్, 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్'. స్క్రిప్ట్‌లో యాక్సెప్ట్ చుట్టూ ట్రై ఉంది, ఎక్సెప్ట్ కింద పాస్, మళ్లీ లూప్ పైకి. ఎర్రర్ వస్తుంది, మింగేస్తుంది, మళ్లీ అడుగుతుంది. సెకనుకి వేల సార్లు. కోర్ మొత్తం తింటున్నది అందుకే. ప్రాసెస్ చావలేదు కాబట్టి సిస్టమ్‌డికి రీస్టార్ట్ చేయాల్సిన అవసరమే కనిపించలేదు. రీస్టార్ట్=ఆల్వేస్ అనేది చచ్చినవాళ్లని లేపుతుంది, మొద్దుబారినవాళ్లని కాదు.

అప్పటికే కనెక్ట్ అయి ఉన్న లాగర్ల నుంచి రీడింగులు వస్తూనే ఉండాలి కదా, అన్నీ ఒకేసారి ఎందుకు ఆగాయన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు ఎస్‌క్యూలైట్‌లో ఉంది. దాని డిఫాల్ట్ జర్నల్ పద్ధతిలో ప్రతి ట్రాన్సాక్షన్‌కీ పక్కన ఒక జర్నల్ ఫైల్ తెరుస్తుంది, కమిట్ అయ్యాక (రాత ఖాయమయ్యాక) తీసేస్తుంది. డిస్క్రిప్టర్లు నిండుకుంటే ఆ ఫైల్ తెరవలేదు. అప్పుడు వచ్చే ఎర్రర్ 'అనేబుల్ టు ఓపెన్ డేటాబేస్ ఫైల్'. చూసినవాళ్లు డిస్క్ పాడైందనో, పర్మిషన్లు తప్పనో అనుకుంటారు. ఇక్కడ అదీ ఎక్సెప్ట్-పాస్‌లో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

24 లాగర్లకి వెయ్యికి పైగా సాకెట్లు ఎక్కడివి? ఎస్ఎస్ కమాండ్‌తో ఎస్టాబ్లిష్డ్ స్థితిలో ఉన్నవి చూస్తే ఒక్కో లాగర్ ఐపీ నుంచి నలభై దాకా కనెక్షన్లు, ఒక్కోటీ వేరే సోర్స్ పోర్టు మీద. అన్నింట్లోనూ ఒక్కటే నిజం, మిగిలినవన్నీ దయ్యాలు.

కారణం కరెంటు. డెస్క్‌టాప్, స్విచ్ యూపీఎస్ మీద ఉన్నాయి. లాగర్లు ఛాంబర్ బయటి ప్లగ్గుల్లో ఐదు వోల్ట్‌ల అడాప్టర్లతో నేరుగా లైను మీద ఉన్నాయి. కరెంటు పోయాక జనరేటర్ అందుకునేలోపు లాగర్లన్నీ ఆగి మళ్లీ మొదలవుతాయి. కరెంటు తిరిగొచ్చి చేంజోవర్ పడేటప్పుడు ఇంకోసారి. ప్లగ్ పీకినట్టు ఆగిపోయే పరికరం ఫిన్ ప్యాకెట్ పంపి మర్యాదగా సెలవు తీసుకోదు. తిరిగి లేచాక కొత్త కనెక్షన్ పెట్టుకుంటుంది. పాత కనెక్షన్ ఇంకా బతికే ఉందని సర్వర్ నమ్ముతుంది, ఎందుకంటే కాదని చెప్పినవాళ్లు లేరు. స్క్రిప్ట్‌లో కనెక్షన్‌కి ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పాయ). ఆ థ్రెడ్ రిసీవ్ పిలిచి అక్కడే కూర్చుంటుంది. ఎప్పటిదాకా అంటే, హద్దు లేదు.

టీసీపీలో కీప్‌అలైవ్ (అవతలివాడు ఉన్నాడో లేదో అప్పుడప్పుడు అడిగే ఏర్పాటు) ఉంది కదా అంటారు. అది సాకెట్‌కి ప్రత్యేకంగా ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, డిఫాల్ట్‌గా ఉండదు. ఆన్ చేసినా లినక్స్ డిఫాల్ట్ విలువలు 7200 సెకన్ల నిశ్శబ్దం, ఆ తర్వాత 75 సెకన్లకి ఒకటి చొప్పున 9 ప్రోబ్‌లు. అంటే చచ్చిన కనెక్షన్‌ని గుర్తించడానికి 2 గంటల 11 నిమిషాలు. సర్వర్ ఏదైనా పంపుతూ ఉంటే మాత్రం జవాబు రాక రీట్రాన్స్‌మిషన్లు అయిపోయి, సుమారు పావుగంటలో కనెక్షన్ తెగుతుంది. ఈ స్క్రిప్ట్ ఏమీ పంపదు, వినడమే దాని పని. వినేవాడికి అవతలివాడు పోయాడని తెలిసే దారి టైమవుట్ ఒక్కటే.

లెక్క వేస్తే ఫిర్యాదులోని 'వారం పది రోజులు' సరిగ్గా కుదురుతుంది. ఒక్క కరెంటు కోతకి రెండు రీసెట్లు, రీసెట్‌కి 24 దయ్యాలు, అంటే కోతకి 48. 1024లో డేటాబేస్, లిజనింగ్ సాకెట్, స్టాండర్డ్ ఇన్‌పుట్ అవుట్‌పుట్‌ల వంటివి తీసేస్తే వెయ్యి పైచిలుకు. 21 కోతలకి నిండుతుంది. వేసవిలో రోజుకి రెండు మూడు సార్లు కరెంటు పోయిన వారాల్లో సమస్య వచ్చి, వర్షాకాలంలో తగ్గడానికి కారణం ఇదే. లెక్క ప్రతిసారీ కచ్చితంగా కుదరదు. కొన్ని చవక లాగర్లు లేచినప్పుడల్లా అదే సోర్స్ పోర్టు నుంచి మొదలుపెడతాయి. అప్పుడు సర్వర్ పాత కనెక్షన్ సంగతి అడుగుతూ అక్నాలెడ్జ్‌మెంట్ పంపుతుంది, లాగర్ నాకు తెలియదంటూ రీసెట్ ప్యాకెట్ పంపుతుంది, పాతది తెగిపోతుంది. అలాంటి లాగర్లకి దయ్యాలు పోగుపడవు.

లాగర్లకీ యూపీఎస్ పెడితే సరిపోతుందిగా అన్నది యాజమాన్యం ప్రశ్న. పెట్టాల్సిందే, కానీ అది వేరే కారణానికి, కరెంటు లేని ఆ కొద్దిసేపు కూడా రీడింగ్ ఉండాలి కాబట్టి. లిజనర్ జబ్బు దానితో నయం కాదు. మధ్యలో ఒక స్విచ్ చెడి పదే పదే రీబూట్ అయితే ఒక్క పూటలోనే 42 రీసెట్లు (21 కోతలకి సమానం) అయిపోతాయి. రోజూ తెల్లవారుజామున క్రాన్‌తో (చెప్పిన వేళకి పనులు నడిపే ప్రోగ్రామ్‌తో) సర్వీస్‌ని రీస్టార్ట్ చేసే చిట్కాకీ ఇదే జవాబు. చాలా చోట్ల నడుస్తున్న మందే, తాత్కాలికంగా పనిచేస్తుంది కూడా. కాకపోతే జబ్బు పేరు ఎప్పటికీ తెలియదు.

స్క్రిప్ట్‌లో మార్పులు

అన్నింటికంటే ముఖ్యమైన మార్పు ఒక్క లైను: యాక్సెప్ట్ అయిన ప్రతి సాకెట్‌కీ 180 సెకన్ల టైమవుట్. నిమిషానికోసారి మాట్లాడాల్సిన లాగర్ మూడు నిమిషాలు మౌనంగా ఉంటే అది లేనట్టే లెక్క. టైమవుట్ ఎక్సెప్షన్ రాగానే సాకెట్ మూసి థ్రెడ్ ముగించాలి. మూయడం ఫైనల్లీ బ్లాక్‌లోనే (ఎర్రర్ వచ్చినా రాకున్నా నడిచే భాగంలోనే) ఉండాలి, లేకపోతే పార్సింగ్ (లైనుని విడదీసి చదవడం) ఎర్రర్ వచ్చిన దారిలో సాకెట్ తెరిచే ఉండిపోతుంది. ఈ స్టోరేజీకి కీప్‌అలైవ్ అవసరం లేదు. గంటకోసారి మాత్రమే మాట్లాడే పరికరాలైతే కావాలి. అప్పుడు సాకెట్ స్థాయిలో ఐడిల్ 60, ఇంటర్వల్ 10, కౌంట్ 3 అని పెడితే ఒకటిన్నర నిమిషంలో తేలిపోతుంది. కెర్నల్ మొత్తానికి సిస్‌సీటీఎల్‌తో మార్చడం కంటే ఇదే మేలు, పక్క ప్రోగ్రామ్‌ల జోలికి పోదు.

రెండోది ఎక్సెప్ట్-పాస్ తీసేయడం. యాక్సెప్ట్‌లో ఊహించని ఎర్రర్ వస్తే లాగ్‌లో రాసి ప్రాసెస్ చావాలి. చస్తే సిస్టమ్‌డి చూసుకుంటుంది. సర్వీస్‌గా నడిచే స్క్రిప్ట్‌కి ఎర్రర్‌ని మింగి బతకడం కంటే గట్టిగా అరిచి చావడమే మంచి లక్షణం.

మూడోది ఫిర్యాదులో లేదు, కోడ్ చదువుతుంటే బయటపడింది. అప్పుడప్పుడు ఏదో ఛాంబర్ 1 డిగ్రీకి పడిపోయినట్టు ఒక్క రీడింగ్ వచ్చి, తర్వాతి నిమిషంలో మామూలైపోయేది. సెన్సార్ లోపమని వదిలేశారు. అసలు సంగతి ఏమిటంటే, కనెక్షన్ తెగి మళ్లీ కుదిరాక లాగర్ తన మెమరీలో పోగైన రీడింగులన్నీ ఒక్కసారిగా పంపుతుంది. స్క్రిప్ట్ 1024 బైట్ల చొప్పున చదువుతూ, చదివిన ప్రతి ముక్కా పూర్తి లైన్లతోనే ఉంటుందని నమ్మింది. లైనులో చివరి అంకె టెంపరేచర్. 10.2 అనే చోట సరిగ్గా ఒకటి తర్వాత ముక్క తెగితే స్క్రిప్ట్‌కి కనిపించేది 1. మిగిలిన ముక్క తర్వాతి రిసీవ్‌లో అర్థంలేని లైనుగా వచ్చి, మింగుడుపడి పోయేది. టీసీపీకి 'మెసేజ్' అన్న భావనే లేదు, అది బైట్ల ప్రవాహం. వచ్చినది బఫర్‌లో చేర్చి, న్యూలైన్ కనిపించినంత మేరకే కోసి తీసుకుని, మిగతాది తర్వాతి రిసీవ్ కోసం ఉంచాలి. బఫర్‌కి ఒక గరిష్ఠ హద్దు కూడా పెట్టాలి. న్యూలైనే పంపని పాడు పరికరం ఒకటి దొరికితే మెమరీ తినేస్తుంది.

డేటాబేస్ రాత ఒక్క థ్రెడ్‌కే ఇచ్చాం. మిగతా థ్రెడ్లు క్యూలో వేస్తాయి, అది తీసి రాస్తుంది. 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' గొడవ దీంతో పోతుంది. జర్నల్ పద్ధతి డబ్ల్యూఏఎల్‌కి (మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి), సింక్రనస్‌ని (రాసింది డిస్క్‌కి చేరిందని ఎంత గట్టిగా చూసుకోవాలనే సెట్టింగ్) నార్మల్‌కి మార్చాం. హఠాత్తుగా కరెంటు పోతే చివరి కొన్ని రీడింగులు పోవచ్చు గానీ ఫైల్ పాడవదు. నిమిషానికోసారి కొలిచే ఛాంబర్ టెంపరేచర్‌కి ఆ నష్టం ఏమంత లెక్కలోది కాదు. డబ్బు లావాదేవీలైతే ఫుల్‌లోనే ఉంచాలి.

సిగ్టెర్మ్ సంగతి కూడా చాలామంది మరచిపోతారు. సర్వీస్ ఆపమన్నప్పుడు సిస్టమ్‌డి పంపేది సిగ్టెర్మ్. పైథాన్ కంట్రోల్-సీని కీబోర్డ్ ఇంటరప్ట్‌గా మారుస్తుంది గానీ సిగ్టెర్మ్‌ని ఏమీ చేయదు. ఫైనల్లీ బ్లాకులు నడవకుండానే ప్రాసెస్ పోతుంది. క్యూలో ఉన్నవి రాయకుండా పోకూడదనుకుంటే సిగ్నల్ హ్యాండ్లర్ పెట్టుకోవాలి. ఆ హ్యాండ్లర్ ఇరుక్కుపోతే డిఫాల్ట్‌గా 90 సెకన్లు చూసి సిస్టమ్‌డి సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) పంపుతుంది.

యూనిట్ ఫైల్

చివరికి నిలబడిన యూనిట్ ఇది. ఫైల్లో అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే టైప్ చేయాలి, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉన్నాయి.

[యూనిట్]
డిస్క్రిప్షన్=ఛాంబర్ లాగర్ లిజనర్
ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్

[సర్వీస్]
టైప్=నోటిఫై
యూజర్=కోల్డ్‌లాగ్
స్టేట్‌డైరెక్టరీ=కోల్డ్‌లాగ్
ఎన్విరాన్‌మెంట్=పైథాన్‌అన్‌బఫర్డ్=1
ఎగ్జెక్‌స్టార్ట్=/ఆప్ట్/కోల్డ్‌లాగ్/వెన్వ్/బిన్/పైథాన్ /ఆప్ట్/కోల్డ్‌లాగ్/లిజనర్.పీవై
రీస్టార్ట్=ఆల్వేస్
రీస్టార్ట్‌సెక్=5
వాచ్‌డాగ్‌సెక్=120
లిమిట్‌నోఫైల్=4096
ప్రొటెక్ట్‌సిస్టమ్=స్ట్రిక్ట్
నోన్యూప్రివిలేజెస్=యెస్

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

రీస్టార్ట్‌సెక్ 5 ఎందుకో చెప్పాలి, ఎందుకంటే పాత యూనిట్‌లో అది లేదు. రాయకపోతే డిఫాల్ట్ 100 మిల్లీసెకన్లు. పది సెకన్లలో ఐదుసార్లు మొదలై పడిపోతే సిస్టమ్‌డి 'ఇంత త్వరత్వరగా కుదరదు' అని చేతులెత్తేసి ఫెయిల్డ్‌లో పెట్టేస్తుంది. ఆ తర్వాత మనిషి వచ్చి లేపేదాకా అంతే. పోర్టు తాత్కాలికంగా దొరక్కపోతే ఐదు ప్రయత్నాలూ ఒక్క సెకనులో అయిపోతాయి. ఐదు సెకన్ల ఎడం ఉంటే పది సెకన్లలో ఐదుసార్లన్న పరిమితికి ఎప్పటికీ చేరదు, ఓపికగా ప్రయత్నిస్తూనే ఉంటుంది. స్క్రిప్ట్ రీస్టార్ట్ అయినప్పుడు పాత కనెక్షన్లు టైమ్-వెయిట్‌లో (మూసినా పూర్తిగా పోని స్థితిలో) ఉండి, మళ్లీ బైండ్ చేయబోతే (ఆ పోర్టు తీసుకోబోతే) 98వ ఎర్రర్ ఇవ్వడం మామూలు. లినక్స్‌లో ఆ స్థితి ఒక నిమిషం ఉంటుంది. బైండ్‌కి ముందు సాకెట్ మీద రీయూజ్‌అడ్రెస్ పెడితే ఆ ఇబ్బంది లేదు.

ఎగ్జెక్‌స్టార్ట్ లైను షెల్ కాదు. అందులో యాంపర్సాండ్, పైపు, ఫైల్లోకి మళ్లించే బాణం గుర్తు ఏవీ పనిచేయవు. బాష్ ఆర్‌సీ ఫైల్లో పెట్టుకున్న పాత్ కూడా దానికి తెలియదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ని యాక్టివేట్ చేయనక్కర్లేదు, దానిలోని పైథాన్‌కి పూర్తి దారి ఇస్తే చాలు. స్క్రిప్ట్ తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్లే ఏర్పాటు ఉంటే తీసేయాలి. టైప్=సింపుల్‌లో పేరెంట్ ప్రాసెస్ ముగియగానే సర్వీస్ అయిపోయిందనుకుని సిస్టమ్‌డి మిగిలిన పిల్ల ప్రాసెస్‌లనీ చంపేస్తుంది. 'చేత్తో నడిపితే బాగానే ఉంది, సర్వీస్‌గా పెడితే వెంటనే పోతోంది' అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే.

పైథాన్‌అన్‌బఫర్డ్ లేకపోతే ప్రింట్లు జర్నల్‌లో (సిస్టమ్‌డి లాగ్‌లో) వెంటనే కనిపించవు. అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోనప్పుడు పైథాన్ 8 కేబీల వరకూ పోగేసి ఒకేసారి వదులుతుంది. తీరా క్రాష్ అయినప్పుడు మనకి కావాల్సిన చివరి లైన్లు ఆ పోగులోనే చిక్కుకుపోవచ్చు.

లిజనర్ 0.0.0.0 మీద (మెషీన్‌కున్న అన్ని ఐపీల మీదా) బైండ్ అవుతుంది కాబట్టి నెట్‌వర్క్.టార్గెట్ చాలు. ఒక నిర్దిష్ట ఐపీ మీద బైండ్ చేసేవాళ్లకి మాత్రం బూట్‌లో ఆ ఐపీ ఇంకా రాకముందే సర్వీస్ మొదలై 99వ ఎర్రర్ వస్తుంది. వాళ్లు నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్‌ని వాంట్స్, ఆఫ్టర్ రెండింటిలోనూ రాయాలి. బయటివాళ్లకి దారి మూయడం ఫైర్‌వాల్ పని. యూఎఫ్‌డబ్ల్యూలో లాగర్ల సబ్‌నెట్ నుంచి మాత్రమే 7011కి అనుమతి ఇచ్చాం. పోర్టు నంబరు ఎంచుకునేటప్పుడు 1024కి పైన, 32768కి కింద ఉండేలా చూసుకోవడం మంచిది. 1024కి కిందైతే రూట్ కాని యూజర్‌కి ప్రత్యేక అనుమతి కావాలి. 32768 నుంచి 60999 దాకా లినక్స్ బయటికి వెళ్లే కనెక్షన్లకి తానే వాడుకుంటుంది, మన పోర్టు ముందే ఎవరో పట్టుకుని ఉండే ప్రమాదం ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది.

లిమిట్‌నోఫైల్ 4096 అనేది కేవలం ఊపిరి పీల్చుకునే చోటు. కొందరు ఈ ఒక్క అంకె పెంచి సమస్య తీరిందనుకుంటారు. దయ్యాలు అలాగే పోగవుతుంటే వారానికి బదులు నెలకి ఆగుతుంది. పట్టుకోవడం మరీ కష్టమవుతుంది.

వాచ్‌డాగ్: దేన్ని చూసి బతికున్నట్టు చెప్పాలి

టైప్=నోటిఫై పెట్టాక స్క్రిప్ట్ రెండు మాటలు చెప్పాలి. లిజన్ మొదలైన తర్వాత ఒకసారి రెడీ=1, ఆపైన ఎప్పటికప్పుడు వాచ్‌డాగ్=1 (బతికే ఉన్నానన్న కబురు). నోటిఫై_సాకెట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్న యునిక్స్ సాకెట్‌కి ఈ అక్షరాలు పంపడమే, ప్రత్యేక లైబ్రరీ అక్కర్లేదు. రెడీ పంపడం మరిస్తే 90 సెకన్లు చూసి స్టార్ట్ విఫలమైందని చంపేస్తుంది. మళ్లీ లేపుతుంది, మళ్లీ చంపుతుంది. వాచ్‌డాగ్ కబురు 120 సెకన్లలోపు రాకపోతే సిగ్అబార్ట్ పంపి, రీస్టార్ట్ చేస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసేది వాచ్‌డాగ్ కోసం ఒక థ్రెడ్ పెట్టి, నిద్ర-కబురు-నిద్ర-కబురు అని తిప్పడం. ఆ థ్రెడ్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, పక్కన యాక్సెప్ట్ లూప్ చచ్చినా. ఈ కేసులో అలాంటి వాచ్‌డాగ్ ఉన్నా ఏమీ పట్టుకునేది కాదు. కబురు పంపే హక్కు అసలు పని జరిగినప్పుడే రావాలి. ఇక్కడ 30 సెకన్లకోసారి స్క్రిప్ట్ తన సొంత 7011 పోర్టుకి 127.0.0.1 మీద కొత్త కనెక్షన్ పెట్టుకుంటుంది, పింగ్ అని ఒక లైను పంపుతుంది. ఆ లైను యాక్సెప్ట్, పార్సింగ్, క్యూ దాటి డేటాబేస్ రాసే థ్రెడ్ దాకా వెళ్లాలి. రాసే థ్రెడ్ ఒక చిన్న పట్టికలో టైమ్ అప్‌డేట్ చేసి కమిట్ అయ్యాక జవాబు ఇస్తుంది. ఆ జవాబు వస్తేనే వాచ్‌డాగ్=1. దారిలో ఎక్కడ గొంతు పూడుకుపోయినా రెండు నిమిషాల్లో రీస్టార్ట్.

లాగర్ల నుంచి డేటా రావడం లేదన్న కారణంతో మాత్రం వాచ్‌డాగ్‌ని ఆపకూడదు. ఛాంబర్ స్విచ్‌కి కరెంటే లేకపోతే లిజనర్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఒరిగేదేమీ లేదు, పైగా పనిచేస్తున్న మిగతా కనెక్షన్లన్నీ తెగుతాయి. డేటా రాకపోవడం మనిషికి చెప్పాల్సిన సంగతి. అందుకని వేరే టైమర్ యూనిట్ ఐదు నిమిషాలకోసారి డేటాబేస్ చూసి, ఏ లాగర్ నుంచి పది నిమిషాలుగా రీడింగ్ లేదో ఆపరేటర్ ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. ఇది లిజనర్ ప్రాసెస్ బయట ఉండటం ముఖ్యం.

గడియారం

లాగర్లలో గడియారం లేదు. ప్రతి రీడింగ్‌తో పాటు అది ఎన్ని సెకన్ల కిందటిదో పంపుతాయి, సర్వర్ తన టైమ్‌లోంచి తీసేసి రాస్తుంది. కాబట్టి సర్వర్ గడియారమే ప్రమాణం. పాత డెస్క్‌టాప్‌లో గడియారాన్ని నడిపే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంది. యూపీఎస్ కూడా అయిపోయి పీసీ ఆగిన రాత్రి, మళ్లీ లేచాక గడియారం ఆగినచోటి నుంచే నడిచింది. టైమ్‌సింక్‌డి (ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసే ప్రోగ్రామ్) చివరిసారి డిస్క్ మీద గుర్తుంచుకున్న టైమ్ కంటే వెనక్కి పోనివ్వదు, ముందుకి మాత్రం ఇంటర్నెట్ వచ్చాకే జరుపుతుంది. ఈలోపు రాసిన రీడింగులన్నీ తప్పు టైమ్‌తో పడ్డాయి. టైమ్ సింక్ అయ్యేదాకా సర్వీస్ మొదలవకుండా ఆపే మార్గం సిస్టమ్‌డిలో ఉంది, వాడలేదు. ఇంటర్నెట్ రెండు రోజులు లేకపోతే రీడింగులే ఉండవు, అది తప్పు టైమ్ కంటే పెద్ద నష్టం. కొత్త బ్యాటరీ వేసి, ప్రతి వరసలో సింక్ అయిందా లేదా అన్న ఒక కాలమ్ చేర్చాం. టైమ్ యూటీసీలో రాసి, స్క్రీన్ మీద చూపేటప్పుడే ఐదున్నర గంటలు కలపాలి. స్క్రిప్ట్ లోపల వ్యవధులు కొలవడానికి మోనోటోనిక్ (ఎప్పుడూ ముందుకే నడిచే) గడియారమే వాడాలి, లేకపోతే టైమ్ ఒక్కసారిగా సర్దుకున్నప్పుడు లెక్కలన్నీ తప్పుతాయి. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే పవర్ ఆన్ అన్న సెట్టింగ్ కూడా పెట్టాలి, అది లేకపోతే ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా పైవేవీ అక్కరకు రావు.

అప్పగించే ముందు చేసిన పరీక్షలు

డీమన్-రీలోడ్ (యూనిట్ ఫైళ్లు మళ్లీ చదవమనడం), ఎనేబుల్ (బూట్‌లో దానంతట అదే మొదలవమనడం), స్టార్ట్ మూడూ అయ్యాక ఒక రీబూట్. ఎనేబుల్ మరచి స్టార్ట్ మాత్రమే చేసిన సర్వీసులు మొదటి కరెంటు కోతకే బయటపడతాయి. తర్వాత కిల్ -9 కొట్టి ఐదు సెకన్లలో లేస్తోందా చూడాలి. అంతకంటే విలువైనది కిల్ -స్టాప్. ప్రాసెస్ గడ్డకట్టినట్టు ఆగుతుంది, స్టేటస్‌లో మాత్రం యాక్టివ్ అనే ఉంటుంది. వాచ్‌డాగ్ నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష ఇదొక్కటే. రెండు నిమిషాలకి జర్నల్‌లో వాచ్‌డాగ్ టైమవుట్ లైను కనిపించి, కొత్త ప్రాసెస్ నంబరు రావాలి.

దయ్యాల పరీక్ష చేతితోనే చేయాలి. ఒక ఛాంబర్ అడాప్టర్ మెయిన్ స్విచ్‌ని పదిసార్లు ఆపి వేసి, ఎస్ఎస్‌లో ఆ మూడు ఐపీల కనెక్షన్లు లెక్కపెట్టాలి. కాసేపు పెరుగుతాయి. చివరి రీసెట్ తర్వాత మూడు నిమిషాలు గడిస్తే మూడుకి పడిపోవాలి. చివరగా, లిమిట్‌నోఫైల్‌ని కావాలని 40కి తగ్గించి ఇదే పరీక్ష మళ్లీ చేస్తే, డిస్క్రిప్టర్లు అయిపోయినప్పుడు స్క్రిప్ట్ ఎర్రర్ చెప్పి చస్తోందో, మళ్లీ మొద్దుబారుతోందో కళ్లెదుటే కనిపిస్తుంది. పరీక్ష అయ్యాక 4096కి తిరిగి మార్చి, డీమన్-రీలోడ్ కొట్టి, సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి. రన్ అవుతున్న ప్రాసెస్‌కి అసలు ఏ పరిమితి ఉందో /ప్రాక్‌లోని లిమిట్స్ ఫైల్లో చూసి నిర్ధారించుకోవాలి.

ఒక పని మిగిలి ఉంది. స్క్రిప్ట్ కొత్త వెర్షన్ పెట్టినప్పుడు రీస్టార్ట్ అయ్యే రెండు మూడు సెకన్లు కొత్త కనెక్షన్లు తిరస్కరణకి గురవుతాయి. సాకెట్ యూనిట్ వేరుగా రాసి, పోర్టుని సిస్టమ్‌డి చేతిలోనే ఉంచితే ఆ వ్యవధిలో వచ్చినవి బ్యాక్‌లాగ్‌లో వేచి ఉంటాయి. స్క్రిప్ట్ తాను బైండ్ చేయడం మాని, 3వ నంబరు డిస్క్రిప్టర్‌గా అందే సాకెట్‌ని తీసుకుంటే చాలు. లాగర్లు తిరస్కరణ వస్తే పది సెకన్లకి మళ్లీ ప్రయత్నిస్తాయి, రీడింగులు మెమరీలో దాచుకుంటాయి కాబట్టి ఈ స్టోరేజీలో దానికి తొందర లేదు. సీజన్ అయ్యాక చేయవచ్చని పక్కన పెట్టాం.